దుక్ఖో, దుక్ఖా, దుక్ఖం: పాలీ విశేషణాలు నాకు పట్టుబడిన తీరు

"జాతిపి దుక్ఖా, జరాపి దుక్ఖా, బ్యాధిపి దుక్ఖో, మరణమ్పి దుక్ఖం." బుద్ధుడు సారనాథ్‌లో అయిదుగురు భిక్షువులకు చేసిన తొలి బోధగా సంప్రదాయం చెప్పే ధమ్మచక్కప్పవత్తన సుత్తంలో మొదటి ఆర్యసత్యం ఇలా మొదలవుతుంది. పుట్టుక దుఃఖం, ముసలితనం దుఃఖం, రోగం దుఃఖం, చావు దుఃఖం. తెలుగులో నాలుగు చోట్లా ఒకటే మాట. పాలీలో అదే మాటకు మూడు రూపాలు. ఇది చదివిన మనిషికి దుఃఖం గురించి ఆలోచన కలగాలి. నాకు మాత్రం ఆ ఓకారం, ఆ దీర్ఘం, ఆ సున్నా ఎందుకు మారుతున్నాయన్న కుతూహలమే ముందు కలిగింది. పాలీలో విశేషణం లింగాన్ని బట్టి ఎలా మారుతుందో నేర్చుకున్న నా చదువు చాలావరకు ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది.

నన్ను పాలీ వైపు లాగినవి ధ్యాన శిబిరాలు. అక్కడ తెల్లవారుజామున వినిపించే పఠనం చెవికి సగం తెలిసినట్టే ఉంటుంది. ధమ్మ, కమ్మ, పుఞ్ఞ, మగ్గ వంటివి తెలుగువారికి పరాయి మాటలు కావు. కానీ ఏ మాట ఏ మాటకు చెందుతుందో తెలియక వాక్యం మొత్తం చేజారిపోయేది. మా తరంలో చాలామందిలాగే నేనూ ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. రామః రామౌ రామాః అని అప్పజెప్పిన జ్ఞాపకం తప్ప అందులో మిగిలినది తక్కువే. ఆ తక్కువైనా అక్కరకు వస్తుందన్న ధీమాతో ఒక ఆన్‌లైన్ పాలీ తరగతిలో చేరాను.

పాఠం చెప్పేది శ్రీలంకకు చెందిన ఒక భిక్షువు. అందరం ఆయనను 'భంతే' అనే పిలిచేవాళ్ళం. తరగతిలో నాగపూర్ నుంచి ఒకావిడ ఉండేవారు. 1956లో అంబేద్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించిన ఊరు కదా, ఆవిడకు 'నమో తస్స' అనే బుద్ధ వందనం చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. విశేషణాల పాఠం మొదలైన రోజునే ఆవిడ నవ్వేసి, "మా మరాఠీలో ఇది రోజూ ఉండే గొడవే" అన్నారు. చాంగలా ములగా, చాంగలీ ములగీ, చాంగలం పుస్తక్. మంచి అబ్బాయికీ, మంచి అమ్మాయికీ, మంచి పుస్తకానికీ మూడు వేర్వేరు 'మంచి'లు. నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం. తెలుగులో 'మంచి' కదలదు. మంచి కొడుకు, మంచి కూతురు, మంచి పుస్తకం. వాక్యం చివర విధేయంగా వస్తేనే మంచివాడు, మంచిది, మంచివారు అని మారుతుంది. భంతే నన్ను ఓదార్చినట్టుగా, సింహళంలోనూ విశేషణం కదలదని, అందువల్ల తమ దగ్గర కొత్తగా పాలీ చదివే పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతుంటారని చెప్పారు.

మొదటి వారాలన్నీ పట్టికలే. మూడు లింగాలు: పుల్లింగం, ఇత్థిలింగం, నపుంసకలింగం. రెండు వచనాలు. ద్వివచనం 'ద్వే', 'ఉభో' వంటి ఒకటి రెండు మాటల్లో ఆనవాలుగా తప్ప పాలీలో నిలవలేదు. సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు. అంటే 'సున్దర' అనే ఒక్క విశేషణానికి 48 గళ్ళు. సంస్కృతంలో అయితే ద్వివచనంతో 72 అయ్యేవి. సూత్రం మాత్రం చిన్నదే. విశేషణానికి సొంత లింగం ఉండదు. విశేష్యానికి, అంటే అది వర్ణించే నామవాచకానికి, ఏ లింగం, ఏ వచనం, ఏ విభక్తి ఉంటే అవే దానికీ వస్తాయి. సున్దరో పురిసో, సున్దరా కఞ్ఞా, సున్దరం ఫలం.

పట్టికను గోడకు అంటించుకుని చూడగా చూడగా, అది కనిపించినంత భయంకరమైనది కాదని తేలింది. నపుంసకం పుల్లింగం నుంచి విడిపోయేది ముఖ్యంగా ప్రథమా ద్వితీయల్లోనే. ఫలం, ఫలాని. తృతీయ నుంచి సప్తమి దాకా రెండూ ఒకే బాటలో నడుస్తాయి: సున్దరేన పురిసేన, సున్దరేన ఫలేన. స్త్రీలింగ ఏకవచనం ఇంకా పొదుపరి. 'సున్దరాయ' అన్న ఒక్క రూపమే తృతీయ, చతుర్థి, పంచమి, షష్ఠి, సప్తమి అయిదింటికీ సరిపోతుంది. సప్తమికి 'సున్దరాయం' అనే రూపం అదనంగా ఉంది. అయితే ఆ పొదుపుకు మూల్యం వేరేచోట చెల్లించాలి. 'సున్దరా' అని విడిగా కనిపిస్తే అది అనేకమంది అందమైన పురుషులు కావచ్చు, ఒక అందమైన కన్య కావచ్చు, పలువురు కన్యలు కావచ్చు, పుల్లింగంలో పంచమీ ఏకవచనం కూడా కావచ్చు. 'సున్దరం' కూడా అంతే. మూడు లింగాల్లోనూ ద్వితీయా ఏకవచనం అదే. పక్కన నామవాచకం లేకుండా విశేషణం ఏమీ చెప్పదు. పట్టికలు వల్లించినవారు అసలు వాక్యం ముందు కూర్చోగానే తెల్లమొహం వేయడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇక రెండో చిక్కు. విశేషణాన్ని మార్చాలంటే ముందు నామవాచకం లింగం తెలియాలి. తెలుగులో లింగం అంటే మనిషీ మనిషి కానిదీ, మగా ఆడా. అర్థం తెలిస్తే లింగం తెలిసినట్టే. పాలీలో అలా కాదు. లోకం, మార్గం, శబ్దం, శరీరం అన్నీ పుల్లింగాలే: లోకో, మగ్గో, సద్దో, కాయో. తృష్ణ, శ్రద్ధ, ప్రజ్ఞ స్త్రీలింగాలు: తణ్హా, సద్ధా, పఞ్ఞా. ఇందులో తర్కం వెతికితే దొరకదు. కొన్ని వారాలు వాటిని విడివిడిగా కంఠస్థం చేశాక, మన డుమువులే ఒక దారి చూపించాయి. సంస్కృతం నుంచి వచ్చిన మాటకు తెలుగులో 'ము' చేరకుండా చివర హ్రస్వ అకారం మిగిలితే, అది చాలావరకు స్త్రీలింగమే. వేదన, సంజ్ఞ, తృష్ణ, జిహ్వ, సేన, ఛాయ. వాటి దీర్ఘం తెలుగులో కురచైందంతే. 'ము' చేరిందంటే స్త్రీలింగం కాదని నిశ్చింతగా ఉండవచ్చు, కానీ పుల్లింగమో నపుంసకమో అది చెప్పదు. లోకము, ఫలము రెండింటినీ తెలుగు ఒకే గాటన కట్టేసింది. 'స్పర్శ' లాంటి దొంగలూ ఉన్నారు. తెలుగులో దానికి ము చేరదు, పాలీలో చూస్తే 'ఫస్సో', పుల్లింగం. అయినా ఈ కొండగుర్తు నాకు చాలా పని తప్పించింది. నాగపూర్ ఆవిడకు చెబితే మరాఠీలో అంతకంటే సులువైన గుర్తులు ఉన్నాయన్నారు. సరే, ఎవరి వైద్యం వారిది.

ఇకారాంతాల దగ్గర మాత్రం డుమువులు కూడా చేతులెత్తేశాయి. జాతి, రత్తి, బుద్ధి స్త్రీలింగాలు. బ్యాధి, అగ్గి, నిధి పుల్లింగాలు. అక్ఖి, అట్ఠి, దధి నపుంసకాలు. జాతి, వ్యాధి, దధి అని తెలుగులో పలికితే ఏది ఏమిటో ఎవరు చెప్పగలరు? ఇక్కడే మొదటి ఆర్యసత్యం నాకు వ్యాకరణ పాఠంగా అర్థమైంది. జాతి, బ్యాధి రెండూ ఇకారంతోనే ముగుస్తాయి. వాటిని చూసి లింగం చెప్పలేం. కానీ జాతి పక్కన 'దుక్ఖా' ఉంది, బ్యాధి పక్కన 'దుక్ఖో' ఉంది. విశేష్యం దాచుకున్నదాన్ని విశేషణం బయటపెట్టేస్తోంది. పట్టికలు నేర్పే దారి నామవాచకం నుంచి విశేషణానికి. చదివేవారికి పనికొచ్చే దారి దానికి ఎదురు. అప్పటి నుంచి కొత్త మాట ఎదురైతే నిఘంటువు తెరవడానికి ముందు దాని పక్కనున్న విశేషణం చివర చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ వాక్యం ఇంకా ముందుకు సాగి, 'అప్పియేహి సమ్పయోగో దుక్ఖో' (ఇష్టం లేనివాటితో కలయిక దుఃఖం) అని పుల్లింగం మీదుగా వెళ్ళి, 'పఞ్చుపాదానక్ఖన్ధా దుక్ఖా' (అయిదు ఉపాదాన స్కంధాలు దుఃఖం) అని పుల్లింగ బహువచనంతో ముగుస్తుంది. ఆ చివరి దుక్ఖా, మొదటి దుక్ఖా చూడటానికి ఒకటే. మొదటిది ఏకవచన స్త్రీలింగం, చివరిది బహువచన పుల్లింగం.

సాధనకు, సుత్తాలను విషయం వారీగా కూర్చిన సంయుత్త నికాయం లాంటి చోటు మరొకటి లేదు. ఒకే వాక్యాన్ని నామవాచకం మార్చి మార్చి చెప్పడం అక్కడి శైలి. విసుగు అనిపించే ఆ పునరుక్తే విద్యార్థికి వరం. సళాయతన సంయుత్తం మొదటి సుత్తంలో ఆరు ఇంద్రియాలూ అనిత్యమని (అనిచ్చ) చెబుతూ వరసగా వస్తాయి: చక్ఖుం అనిచ్చం, సోతం అనిచ్చం, ఘానం అనిచ్చం, జివ్హా అనిచ్చా, కాయో అనిచ్చో, మనో అనిచ్చో. కన్ను, చెవి, ముక్కు నపుంసకాలు, నాలుక స్త్రీలింగం, శరీరమూ మనస్సూ పుల్లింగాలు. ఇలాంటి వాక్యాలను నోటుపుస్తకంలోకి ఎత్తి, విశేషణాల చివరలు ఖాళీగా వదిలి, మర్నాడు నింపుకునేవాణ్ణో నింపుకునేదాన్నో చెప్పను. దాని సంగతి తరవాత. పాఠం కోసం వెతుకులాట కూడా లేదు. పాలీకి సొంత లిపి లేదు, ఏ దేశం వారు ఆ దేశపు లిపిలో రాసుకున్నారు. రంగూన్‌లో 1954-56లో జరిగిన ఛట్ఠ సంగాయనం, అంటే ఆరో బౌద్ధ సంగీతి, స్థిరపరచిన తిపిటక (పాలీ బౌద్ధ గ్రంథాల) పాఠాన్ని ఇగత్‌పురిలోని విపశ్యన పరిశోధన సంస్థ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అది తెలుగు లిపిలోనూ దొరుకుతుంది. రోమన్ అక్షరాల మీద చుక్కలూ గీతలూ చూసి కళ్ళు చికిలించే బాధ నాకు తప్పింది.

'మనో అనిచ్చో' దగ్గర నా పాత సంస్కృతం కొంచెం గింజుకుంది. మనస్, తపస్ సంస్కృతంలో నపుంసకాలు. పాలీలో చివరి సకారం పోయి మనో, తపో అయ్యేసరికి, పైకి పురిసో, లోకో లాగే కనిపించి, ఆ వరసలోకే జారుకున్నాయి. ధమ్మపదం 194వ గాథ చూడండి: "సుఖో బుద్ధానముప్పాదో, సుఖా సద్ధమ్మదేసనా, సుఖా సఙ్ఘస్స సామగ్గీ, సమగ్గానం తపో సుఖో." బుద్ధులు ఉద్భవించడం సుఖం, సద్ధర్మ బోధ సుఖం, సంఘం కలిసి ఉండటం సుఖం, కలిసి ఉన్నవారి తపస్సు సుఖం. ఉప్పాదో పుల్లింగం కాబట్టి సుఖో, దేసనా సామగ్గీ స్త్రీలింగాలు కాబట్టి సుఖా, చివరన తపో పక్కన మళ్ళీ సుఖో. ఈ గాథను కంఠస్థం చేసినవారికి రెండు లింగాల ప్రథమావిభక్తి ఇక మరుపు రాదు.

ఇంతవరకు ఇచ్చిన ఉదాహరణలన్నీ దాదాపు ప్రాస కలిసినవి. అందువల్ల విశేషణమూ విశేష్యమూ ఒకేలా ముగుస్తాయన్న భ్రమ తేలిగ్గా కలుగుతుంది. దాన్ని భంతే 'నమో తస్స'తోనే విరగ్గొట్టారు. "నమో తస్స భగవతో అరహతో సమ్మాసమ్బుద్ధస్స." ఆ భగవంతుడికి, అర్హంతుడికి, సమ్యక్సంబుద్ధుడికి నమస్కారం. తస్స, భగవతో, అరహతో, సమ్మాసమ్బుద్ధస్స. నాలుగూ ఒకే వ్యక్తి గురించి, నాలుగూ పుల్లింగ ఏకవచన చతుర్థి. రెండు 'స్స'తో, రెండు 'తో'తో ముగుస్తున్నాయి. సమ్మాసమ్బుద్ధ అకారాంతం, భగవన్తు, అరహన్త వేరే జాతివి. విశేషణం విశేష్యంతో లింగవచనవిభక్తుల్లో కలవాలి, కానీ రూపం తన సొంత అంతాన్ని బట్టే వేసుకుంటుంది. పెళ్ళి సంబంధం కుదరడానికి ఇంటిపేర్లు కలవనక్కరలేనట్టే. ఆ రోజు నాగపూర్ ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి రోజూ పలికే వాక్యంలో ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదని తరవాత అన్నారు.

ఈ కిటికీ తెరుచుకున్నాక ధమ్మపదం మొదటి రెండు గాథలే వేరుగా కనిపించాయి. మొదటిదానిలో 'మనసా చే పదుట్ఠేన', చెడిన మనస్సుతో. మనసా, పదుట్ఠేన రెండూ తృతీయే, చివరలు వేరు. రెండోదానిలో, ప్రసన్నమైన మనస్సుతో మాట్లాడినా పనిచేసినా సుఖం మనిషిని వెన్నంటి వస్తుంది, 'ఛాయావ అనపాయినీ', విడిచిపోని నీడలాగా. అనపాయీ అంటే విడిచిపోనివాడు. ఛాయ స్త్రీలింగం కాబట్టి అనపాయినీ అయింది. ఇలాంటి ఈకారాంతాలన్నిటికీ స్త్రీలింగంలో 'ఇనీ' వస్తుంది. సుఖీ సుఖినీ, మేధావీ మేధావినీ. మన తెలుగులోనూ తపస్వి తపస్విని, ఉద్యోగి ఉద్యోగిని అంటాం కనుక ఇది నాకు నేర్చుకోవలసిన పని కానేలేదు.

పాలీకి పాత వ్యాకరణ గ్రంథమైన కచ్చాయన వ్యాకరణం ఈ వ్యవహారమంతా మూడు నాలుగు సూత్రాల్లో తేల్చేస్తుంది. 'ఇత్థియమతో ఆపచ్చయో': అకారాంతానికి స్త్రీలింగంలో ఆ వస్తుంది. 'నదాదితో వా ఈ': నదీ మొదలైనవాటికి ఈ. తరుణో తరుణీ ఇందులోకి వస్తుంది. 'పతిభిక్ఖురాజీకారన్తేహి ఇనీ': పతి, భిక్ఖు, రాజ, ఈకారాంతాలకు ఇనీ. ఆపైన 'న్తుస్స తమీకారే': ఈ వచ్చినప్పుడు న్తు కాస్తా త అవుతుంది. అందుకే గుణవన్తు నుంచి గుణవతీ. గుణవన్తీ అనీ ఉంది. పుల్లింగంలో గుణవా లేదా గుణవన్తో, నపుంసకంలో గుణవం లేదా గుణవన్తం. తెలుగులో గుణవంతుడు, గుణవతి అంటూ ఇదే జంటను తెలియకుండానే వాడుతూ వచ్చాం. ఇంత పొట్టి సూత్రాలు ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది గానీ, పట్టికలతో కుస్తీ పట్టకుండా ఇవి చదివితే రుచించేవి కావేమో.

మంగళసుత్తం ప్రారంభ వాక్యం నాకు పరీక్షలాంటిది. ఇప్పటికీ ఎవరైనా పాలీ విశేషణాల గురించి అడిగితే అదే చూపిస్తాను. "అఞ్ఞతరా దేవతా అభిక్కన్తాయ రత్తియా అభిక్కన్తవణ్ణా కేవలకప్పం జేతవనం ఓభాసేత్వా యేన భగవా తేనుపసఙ్కమి." రాత్రి చాలా గడిచాక, మేలైన వన్నె గల ఒకానొక దేవత జేతవనమంతా వెలిగిస్తూ భగవంతుడి దగ్గరకు వచ్చింది. అఞ్ఞతరా, దేవతా స్త్రీలింగ ప్రథమ. అభిక్కన్తాయ, రత్తియా రెండూ స్త్రీలింగమే, ఆకారాంతం ఆయ అంటే ఇకారాంతం ఇయా అంటోంది. కేవలకప్పం జేతవనం నపుంసక ద్వితీయ. అన్నిటికంటే రుచికరమైనది 'అభిక్కన్తవణ్ణా'. వణ్ణ పుల్లింగం. కానీ ఇక్కడ బహుబ్బీహి సమాసం, అంటే 'మేలైన వన్నె ఎవరిదో ఆమె'. సమాసం మొత్తం దేవతకు విశేషణమైపోయింది కాబట్టి వణ్ణ తన లింగాన్ని వదులుకుని వణ్ణా అయింది. ధమ్మపదంలో 'ఆరోగ్యపరమా లాభా, సన్తుట్ఠిపరమం ధనం' అన్నప్పుడు పరమా, పరమం అని మారేది కూడా ఇందుకే. లాభాలన్నిటిలో గొప్పది ఆరోగ్యం, ధనాలన్నిటిలో గొప్పది సంతృప్తి.

ఆ వచ్చిన దేవత ఆడా మగా? వ్యాకరణానికి పట్టదు. దేవతా అన్న మాట స్త్రీలింగం, అంతే. దీనికి ఎదురు ఉదాహరణ 'మాతుగామో'. అర్థం స్త్రీ, స్త్రీజాతి. లింగం పుల్లింగం. సంయుత్త నికాయంలో స్త్రీల గురించిన సుత్తాల్లో 'సమన్నాగతో మాతుగామో' అని వస్తుంది. ఇన్ని లక్షణాలు కలిగిన స్త్రీ అని చెబుతూ విశేషణం నిస్సంకోచంగా 'గతో' అంటోంది. ఇది చూసి తరగతిలో అందరం నవ్వాం, ఒక్క మరాఠీ ఆవిడ తప్ప. స్త్రీలింగం అన్న పేరు పెట్టడమే పాతవారి అన్యాయం అని ఆవిడ వాదన. ఒకటో వర్గం, రెండో వర్గం, మూడో వర్గం అని ఉంటే ఈ తికమక ఉండేది కాదంటారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మన భాషలో ఏకవచనంలో 'ఆమె వచ్చింది, ఆవు వచ్చింది' అంటూ స్త్రీని మనిషి కానివాటితో కలిపేసి, బహువచనంలో 'వచ్చారు' అని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చుకునేవాళ్ళం, ఇతరుల వ్యాకరణాన్ని చూసి నవ్వే అర్హత మనకు ఎక్కడిది?

ఇప్పుడు పైన వాయిదా వేసిన సంగతి. తెలుగులో 'నేను వచ్చాను, చదివాను, నేర్చుకున్నాను' అని ఎన్ని పేజీలు రాసినా, రాసినది ఆడో మగో క్రియ చెప్పదు. పాలీలో క్రియ చెప్పకపోయినా, క్రియ పక్కన వచ్చే కృదంతం ('చల్లబడిన', 'ఆరిన' లాంటి, ధాతువు నుంచి పుట్టిన మాట) చెప్పేస్తుంది, ఎందుకంటే కృదంతం విశేషణంలాగే లింగాన్ని ధరిస్తుంది. భిక్షువుల గాథల సంపుటి అయిన థేరగాథల్లో రాహులుడి గాథల చివరి పాదం ఇది: 'సమూలం తణ్హమబ్బుయ్హ, సీతిభూతోస్మి నిబ్బుతో'. తృష్ణను వేళ్ళతో సహా పెకలించి చల్లబడ్డాను, ఆరిపోయాను. భిక్షుణుల గాథల సంపుటి అయిన థేరీగాథల్లో ఉత్తర అనే భిక్షుణి చెప్పిన గాథలోనూ అదే పాదం: 'సమూలం తణ్హమబ్బుయ్హ, సీతిభూతామ్హి నిబ్బుతా'. మొదటి సగం అక్షరం పొల్లు పోకుండా ఒకటే. రెండో సగంలో భూతో భూతా అయింది, నిబ్బుతో నిబ్బుతా అయింది. పేర్లు చెరిగిపోయినా ఎవరి గొంతో తెలిసిపోతుంది. తెలుగు అనువాదంలో ఈ రెండు పాదాలూ ఒకే వాక్యంగా మారిపోతాయి. దాన్ని ఎలా దక్కించుకోవాలో నాకు ఇంకా తోచలేదు.

థేరీగాథల్లో ముత్త చెప్పిన గాథ ఇంకా గడుసుది. మూడు వంకరల నుంచి బాగా విడుదలయ్యానంటుంది ఆమె: 'ఉదుక్ఖలేన ముసలేన, పతినా ఖుజ్జకేన చ'. రోలు, రోకలి, గూని మొగుడు. ఇక్కడ ఖుజ్జకేన అన్నది పతినాకు విశేషణం. మాటల చివరల ధ్వని చూస్తే ఉదుక్ఖలేన, ముసలేనలతో కలుస్తుంది, పతినాతో కలవదు. అర్థం మాత్రం దానితోనే. 'నమో తస్స' దగ్గర నేర్చుకున్నది ఇక్కడ అక్కరకు వచ్చింది. తన విడుదల గురించి చెప్పేటప్పుడు ఆమె వాడిన మాట 'సుముత్తా సాధుముత్తామ్హి'. మళ్ళీ స్త్రీలింగమే.

సంఖ్యల దగ్గర మనకు కష్టం లేదు. చత్తారి అరియసచ్చాని, చత్తారో సతిపట్ఠానా, చతస్సో పరిసా. నాలుగుకు మూడు రూపాలు. నలుగురు మనుషులు, నాలుగు చెట్లు అని అలవాటైన నోటికి ఇది వింత కాదు. అయిదు నుంచి పాలీ ఈ పట్టుదల వదిలేస్తుంది.

విశేష్యమే లేకపోతే? అప్పుడు నపుంసకం రంగంలోకి దిగుతుంది. చాలా సుత్తాలు మొదలయ్యే 'ఏవం మే సుతం'లో సుతం అలాంటిదే. నాచేత ఇలా వినబడినది. ఏది వినబడినదన్న మాట లేదు, కాబట్టి నపుంసక ఏకవచనం. అర్హత్తులు, అంటే విముక్తి పొందినవారు, తమ స్థితిని చెప్పుకునే వాక్యంలో ఈ మార్పులన్నీ వరసగా కనిపిస్తాయి: 'ఖీణా జాతి, వుసితం బ్రహ్మచరియం, కతం కరణీయం'. జన్మ క్షీణించింది, బ్రహ్మచర్యం పూర్తయింది, చేయవలసినది చేయబడింది. ఒక స్త్రీలింగం, రెండు నపుంసకాలు.

నోటుపుస్తకం చివరి పేజీల్లో మాట వినని వాళ్ళ జాబితా ఒకటి పెట్టుకున్నాను. అందులో మొదటిది 'అనత్తా', అంటే ఆత్మ కానిది. రూపం అనిచ్చం, వేదనా అనిచ్చా, సఙ్ఖారా అనిచ్చా, విఞ్ఞాణం అనిచ్చం అని అనిచ్చ అందరికీ లొంగుతుంది. అదే వరసలో రూపం అనత్తా, వేదనా అనత్తా, సఙ్ఖారా అనత్తా, విఞ్ఞాణం అనత్తా. కదలదు. అది విశేషణం కాదు, 'అత్తా' అనే నామవాచకమే నిషేధం తగిలించుకుని వచ్చిందని భంతే వివరణ. రెండోది 'సేయ్యో', అంటే మేలు. ధమ్మపదం 110వ గాథలో 'ఏకాహం జీవితం సేయ్యో, సీలవన్తస్స ఝాయినో' అని ఉంది. శీలమూ ధ్యానమూ గలవాడి ఒక్కరోజు బతుకు మేలని. సీలవన్తస్స, ఝాయినో చివరలు వేరైనా ఇద్దరూ ఒకడే అని ఇప్పుడు చూడగానే తెలిసిపోతోంది. కానీ జీవితం నపుంసకం, దాని పక్కన పుల్లింగ రూపంలో సేయ్యో ఏమిటి? ఇలాంటి చోట్ల దాన్ని మారని మాటగా, అవ్యయంలా తీసుకోవాలన్నారు భంతే. 'సేయ్యం' అన్న నపుంసక రూపం కనిపిస్తుందేమోనని తిపిటకంలో వెతుకుతున్నాను. ఆ పని ఇంకా నడుస్తోంది.